పరమాణు సంఖ్య నుంచి పదార్థం గుణం దాకా: లెక్క ఎలా వేయాలి, ఎక్కడ తప్పుతారు

హైస్కూల్లో పరమాణు నిర్మాణం ఒక పాఠం, ఆవర్తన పట్టిక ఇంకో పాఠం, రసాయన బంధం మరో పాఠం. సాంద్రత, మరుగు స్థానం లాంటివి ఎప్పుడో కింది తరగతిలో అయిపోయి ఉంటాయి. విడివిడిగా బట్టీ పడితే నాలుగూ భారమే. నిజానికి ఇవి ఒకే లెక్కలో నాలుగు మెట్లు. ప్రోటాన్ల సంఖ్య తెలిస్తే ఎలక్ట్రాన్లు తెలుస్తాయి, ఎలక్ట్రాన్లను కక్ష్యల్లో నింపితే చివరి కక్ష్యలో ఎన్నున్నాయో తెలుస్తుంది, దాన్ని బట్టి బంధం ఏ రకమో చెప్పొచ్చు, బంధాన్ని బట్టి ఆ పదార్థం కరగడానికి ఎంత వేడి కావాలో, కరెంటు పారనిస్తుందో లేదో ఊహించొచ్చు. ఈ వరుస తప్పకుండా చేయడం ఎలాగో, ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో చూద్దాం.

ముందు మూడు సంఖ్యలు రాసుకోండి

ఏ ప్రశ్న వచ్చినా కాగితం మీద మొదట మూడు సంఖ్యలు రాయాలి: పరమాణు సంఖ్య, ద్రవ్యరాశి సంఖ్య, ఆవేశం. ఆవేశం ఇవ్వకపోతే సున్నా అని రాయండి, ఖాళీగా వదలొద్దు.

ప్రోటాన్లు ఎప్పుడూ పరమాణు సంఖ్యకు సమానం. న్యూట్రాన్లు కావాలంటే ద్రవ్యరాశి సంఖ్యలోంచి పరమాణు సంఖ్య తీసేయాలి. ఎలక్ట్రాన్లు కావాలంటే ప్రోటాన్ల సంఖ్యలోంచి ఆవేశాన్ని గుర్తుతో సహా తీసేయాలి. ఎలక్ట్రాన్లు పోయో చేరో ఆవేశం వచ్చిన పరమాణువే అయాన్. అల్యూమినియం అయాన్ తీసుకోండి: 13, 27, +3. ప్రోటాన్లు 13, న్యూట్రాన్లు 14, ఎలక్ట్రాన్లు 13 − 3 = 10. సల్ఫైడ్ అయాన్: 16, 32, −2. ఎలక్ట్రాన్లు 16 − (−2) = 18.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ప్లస్ గుర్తు కనిపించగానే ఏదో కలిసిందనుకుని 13 + 3 = 16 అని వేసేస్తారు. ఎలక్ట్రాన్‌ది రుణావేశం. అది పోతేనే ధనావేశం మిగులుతుంది. ఇంకొందరు అయాన్ అనగానే ప్రోటాన్ల సంఖ్యనే మార్చేస్తారు. ప్రోటాన్ల సంఖ్య మారితే అది అల్యూమినియమే కాదు, వేరే మూలకం. 1913లో ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త మోస్లే ఎక్స్ కిరణాలతో తేల్చింది ఈ సంగతే: మూలకాన్ని గుర్తుపట్టాల్సింది కేంద్రకంలోని ఆవేశంతో, బరువుతో కాదు. బరువును పట్టి వరుస పెడితే 127.6 ఉన్న టెల్లూరియం 126.9 ఉన్న అయోడిన్ తర్వాత రావాలి. అప్పుడు అయోడిన్ క్లోరిన్, బ్రోమిన్ల కుటుంబంలోంచి బయటపడుతుంది. పరమాణు సంఖ్యలు 52, 53 అని పెట్టగానే ఇద్దరూ తమ తమ ఇళ్లలో కూర్చుంటారు.

పరమాణు భారం, ద్రవ్యరాశి సంఖ్య ఒకటి కావు

ఆవర్తన పట్టికలో క్లోరిన్ గడిలో 35.5 అని ఉంటుంది. అందులోంచి 17 తీసేస్తే 18.5 న్యూట్రాన్లు. అర న్యూట్రాన్ ఎక్కడా ఉండదు కాబట్టి ఇక్కడ తప్పు వెంటనే పట్టుబడుతుంది. బ్రోమిన్ అలా కాదు, అది నిజమైన ఉచ్చు. పట్టికలో 79.9, సవరిస్తే 80. 80 − 35 = 45 న్యూట్రాన్లు అని ధీమాగా రాసేస్తాం. ప్రకృతిలో దొరికే బ్రోమిన్‌లో 45 న్యూట్రాన్ల పరమాణువులు లేవు. ఉన్నవి రెండు రకాలు: 79 ద్రవ్యరాశి సంఖ్యతో 44 న్యూట్రాన్లున్నవి, 81తో 46 న్యూట్రాన్లున్నవి. రెండూ దాదాపు చెరి సగం ఉండటం వల్ల సగటు 80 దగ్గర పడింది.

పట్టికలోని అంకె ఐసోటోపుల (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరైన రకాల) సగటు అన్నమాట. ఒక్క పరమాణువు గురించి అడిగితే ద్రవ్యరాశి సంఖ్య విడిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎక్కువగా దొరికే ఐసోటోపు ఏదో తెలుసుకుని వాడాలి. సవరించిన సగటు చాలా తేలిక మూలకాలకు పని చేస్తుంది, అన్నిటికీ చేయదు.

సగటు కట్టడం ఇలా. క్లోరిన్‌లో 35 ఐసోటోపు 75.8 శాతం, 37 ఐసోటోపు 24.2 శాతం. 35 × 75.8 = 2653. 37 × 24.2 = 895.4. మొత్తం 3548.4ను 100తో భాగిస్తే 35.48. పట్టికలో 35.45 ఉంటుంది, ఆ చిన్న తేడా మీ లెక్క తప్పువల్ల రాలేదు. ఆ ఐసోటోపుల అసలు ద్రవ్యరాశులు 34.97, 36.97 యూనిట్లు. మనం పూర్ణాంకాలు వాడాం, అంతే.

వెనక్కి లెక్క వేయమన్నప్పుడు ఈ చిన్న తేడాయే పెద్దదవుతుంది. కాపర్ సగటు 63.55, ఐసోటోపులు 63, 65 అనుకుంటే తేలికదాని వాటా (65 − 63.55) ÷ 2, అంటే 72.5 శాతం. అసలు ద్రవ్యరాశులు 62.93, 64.93 పెట్టి కడితే 69 శాతం వస్తుంది, కొలతల్లో తేలింది కూడా అదే. పరీక్షలో పూర్ణాంకాలే ఇస్తే 72.5 రాయండి, మార్కులు వస్తాయి. పుస్తకం వెనక జవాబు 69 అని ఉంటే మాత్రం జుట్టు పీక్కోనక్కర్లేదు. జవాబు సరిచూసుకోవడానికి ఒక గుర్తు: సగటు రెండు ఐసోటోపుల మధ్యే పడాలి, ఎక్కువ శాతం ఉన్నదానివైపే మొగ్గాలి.

కక్ష్యలు నింపడం: 18 వరకు సాఫీ, 19 దగ్గర మెలిక

కె, ఎల్, ఎమ్, ఎన్ కక్ష్యల్లో వరుసగా 2, 8, 18, 32 ఎలక్ట్రాన్ల దాకా పడతాయి. సూత్రం 2 × కక్ష్య సంఖ్య వర్గం. సోడియం 2, 8, 1. క్లోరిన్ 2, 8, 7. ఆర్గాన్ 2, 8, 8. ఇంతవరకు ఇబ్బంది లేదు.

పొటాషియం (19) వచ్చేసరికి, ఎమ్ కక్ష్యలో ఇంకా పది ఖాళీలున్నాయి కదా అని 2, 8, 9 రాస్తారు. సరైనది 2, 8, 8, 1. కాల్షియం 2, 8, 8, 2, అంతేగాని 2, 8, 10 కాదు. చివరి కక్ష్యలో ఎనిమిదికి మించకూడదు అనే నియమం జవాబు ఇస్తుంది కానీ కారణం చెప్పదు. కారణం ఉపకర్పరాల్లో ఉంది, అంటే ఒక్కో కక్ష్యలో ఎస్, పి, డి అని పేర్లున్న విభాగాల్లో. మూడో కక్ష్యలోని 3డి కంటే నాలుగో కక్ష్యలోని 4ఎస్ శక్తి ఈ దశలో తక్కువ. ఎలక్ట్రాన్ తక్కువ శక్తి ఉన్న చోటే ముందు చేరుతుంది. గుర్తుంచుకోవడానికి కక్ష్య సంఖ్యకు ఎస్ అయితే 0, పి అయితే 1, డి అయితే 2 కలపండి. 4ఎస్‌కు 4 + 0 = 4, 3డికి 3 + 2 = 5. మొత్తం తక్కువున్నది ముందు నిండుతుంది. 3పికి కూడా 3 + 1 = 4 కదా అంటారా? మొత్తాలు సమానమైతే కక్ష్య సంఖ్య తక్కువున్నదే ముందు. అలా వచ్చే వరుస: 1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి, 4పి. ఎస్‌లో 2, పిలో 6, డిలో 10 పడతాయి.

21వదైన స్కాండియం నుంచి 3డి నిండటం మొదలవుతుంది, అంటే లోపలి ఎమ్ కక్ష్య మళ్లీ పెరుగుతుంది. ఐరన్ 2, 8, 14, 2. క్రోమియం (24), కాపర్ (29) ఈ వరుసను కాస్త తప్పుతాయి. క్రోమియం 2, 8, 13, 1, కాపర్ 2, 8, 18, 1. డి ఉపకర్పరం సగం నిండినా పూర్తిగా నిండినా స్థిరత్వం ఎక్కువ కావడంతో 4ఎస్‌లోంచి ఒకటి అటు చేరుతుంది. పదో తరగతికి ఈ రెండు మినహాయింపులు చాలు.

అయాన్‌కు విన్యాసం (కక్ష్యల వారీగా ఎలక్ట్రాన్ల లెక్క) రాసేటప్పుడు ఇంకో చోట జాగ్రత్త. చివర్లో నింపింది 3డి కాబట్టి ముందు పోయేది కూడా అందులోంచే అనుకుంటారు. కాదు, బయటి కక్ష్యలోనివే ముందు పోతాయి. ఐరన్ 2+ అయాన్ 2, 8, 14. ఐరన్ 3+ అయాన్ 2, 8, 13.

చివరి కక్ష్య ఏం చెబుతుంది?

చివరి కక్ష్యలో 1, 2, 3 ఎలక్ట్రాన్లున్నవి ఎక్కువగా లోహాలు, వాటిని వదిలేస్తాయి. 5, 6, 7 ఉన్నవి ఎక్కువగా అలోహాలు, లోటు పూడ్చుకుంటాయి లేదా పంచుకుంటాయి. 8 ఉంటే జడవాయువు. హీలియంకు మాత్రం 2తోనే నిండిపోతుంది. వేలన్సీ, అంటే పరమాణువు ఎన్ని బంధాలు కట్టగలదో, లెక్కవేసేటప్పుడు 4 వరకు చివరి కక్ష్యలోని సంఖ్యే, దాటితే 8లోంచి తీసివేత. ఆక్సిజన్ 2, 6 కాబట్టి 8 − 6 = 2. ఫాస్ఫరస్, సల్ఫర్, క్లోరిన్ ఇంతకంటే ఎక్కువ వేలన్సీలు కూడా చూపిస్తాయి కాబట్టి ఇది కనీస లెక్క అనుకోండి.

మూడో పీరియడ్‌ను (ఆవర్తన పట్టికలో మూడో అడ్డ వరుసను) ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నడిచి చూస్తే మొత్తం తంతు కళ్లముందుంటుంది. సోడియం 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మెగ్నీషియం 650, అల్యూమినియం 660. లోహంలో పరమాణువులు తమ బయటి ఎలక్ట్రాన్లను ఉమ్మడిలో పడేస్తాయి. సోడియం ఒక్కటే ఇస్తుంది, మెగ్నీషియం రెండు, కాబట్టి పట్టు బిగుస్తుంది. మరి అల్యూమినియం మూడు ఇచ్చినా ఇంకా పైకి ఎందుకు పోలేదు? ఎలక్ట్రాన్ల లెక్క ఒక్కటే కరిగే ఉష్ణోగ్రతను నిర్ణయించదు, స్ఫటికంలో పరమాణువుల అమరికకూ వాటా ఉంది. ఈ స్థాయిలో దిశ చెప్పగలం, అంకె చెప్పలేం.

తర్వాత సిలికాన్, 1414 డిగ్రీలు. నాలుగు ఎలక్ట్రాన్లతో నలుగురు పొరుగువాళ్లను పట్టుకుని స్ఫటికమంతా ఒకే సమయోజనీయ (ఎలక్ట్రాన్లు పంచుకునే) అల్లికగా ఉంటుంది. దాని పక్కనే తెల్ల ఫాస్ఫరస్, కేవలం 44 డిగ్రీలు. సల్ఫర్ 115. క్లోరిన్ −101, ఆర్గాన్ −189. ఇక్కడ పుట్టే అపోహ అంత తేలిగ్గా వదలదు: సల్ఫర్ తొందరగా కరిగింది కాబట్టి సమయోజనీయ బంధం బలహీనమైనది అని. పక్కనున్న సిలికాన్‌లోనూ సమయోజనీయ బంధమే ఉంది. సల్ఫర్‌లో ఎనిమిది పరమాణువులు ఒక ఉంగరంగా చేరి ఒక అణువు అవుతుంది. కరిగేటప్పుడు మొదట విడిపోయేది ఉంగరానికీ ఉంగరానికీ మధ్య ఉన్న బలహీన ఆకర్షణ, ఉంగరం లోపలి బంధం కాదు. నీళ్లు మరిగి ఆవిరైనా అది నీరే, హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోదు. "కరగడం" అని ప్రశ్నలో కనిపించగానే, ఈ పదార్థంలో ఏది విడిపోవాలి అని అడగండి. ఉప్పులో అయితే అయాన్లే విడిపోవాలి, అందుకే 801 డిగ్రీలు.

రంగు, కరిగే ఉష్ణోగ్రత, వాహకత ఇవన్నీ పరమాణువుల గుంపుకు ఉండే గుణాలన్నది కూడా పక్కన రాసుకోండి. ఒక్క కాపర్ పరమాణువుకు ద్రవీభవన స్థానం ఉండదు. వజ్రంలోనూ గ్రాఫైట్‌లోనూ కార్బన్ పరమాణువులే, విన్యాసం 2, 4. ఒకటి కరెంటును అడ్డుకుంటుంది, ఇంకోటి పారనిస్తుంది. అమరిక వేరు.

బల్బు వెలిగించి బంధం గుర్తుపట్టడం

9 వోల్టుల బ్యాటరీ ఒకటి, ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి, 470 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి (పసుపు, ఊదా, గోధుమ చారలుంటాయి), మూడు తీగలు, రెండువైపులా చెక్కిన పెన్సిళ్లు రెండు. బ్యాటరీ ప్లస్ నుంచి రెసిస్టర్, అక్కణ్నుంచి ఎల్‌ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు నుంచి ఒక పెన్సిల్ నల్లపుల్ల. రెండో పెన్సిల్ బ్యాటరీ మైనస్‌కు. రెసిస్టర్ లేకుండా కలిపితే ఎల్‌ఈడీ క్షణాల్లో మాడిపోతుంది. రెసిస్టర్ ఉంటే సుమారు 7 వోల్టులు దాని మీద పడి, కరెంటు 15 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఇంటి ప్లగ్గు కరెంటుతో ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

మొదట రెండు పుల్లల మొనలు ఒకదానికొకటి తాకించండి. ఎల్‌ఈడీ వెలిగితే సర్క్యూట్ బాగున్నట్టే, పైగా గ్రాఫైట్ కరెంటు పారనిస్తుందని కూడా తేలిపోయింది. వెలగకపోతే ఎల్‌ఈడీ కాళ్లు తిరగేసి చూడండి. అప్పటికీ లేదంటే పెన్సిల్ లోపల పుల్ల విరిగి ఉంటుంది.

ఇప్పుడు స్టీల్ చెంచా, పొడి ఉప్పు, పొడి పంచదార, డిస్టిల్డ్ వాటర్, అందులో కలిపిన పంచదార, చివరగా ఉప్పు. నీళ్లు 100 మిల్లీలీటర్లు, ఉప్పు ఒక టీస్పూను, పుల్లల మధ్య ఒక సెంటీమీటరు ఎడం. చెంచాకు వెలుగుతుంది. పొడి ఉప్పుకు, పొడి పంచదారకు, పంచదార నీళ్లకు వెలగదు. ఉప్పునీళ్లకు వెలుగుతుంది. పొడి ఉప్పులోనూ అయాన్లున్నాయి, కానీ కదలలేవు. నీళ్లలో కదులుతాయి. పంచదార కరిగినా అణువులుగానే ఉంటుంది, మోసుకెళ్లడానికి ఆవేశం లేదు.

డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్లు పోస్తే ఉప్పు వేయకముందే మసగ్గా వెలుగు కనిపిస్తుంది. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్ అయాన్లు ముందే ఉంటాయి. బ్యాటరీల్లో పోసే నీళ్ల సీసా కొనుక్కుంటే సరిపోతుంది. ఒక ద్రావణం నుంచి ఇంకో ద్రావణానికి మారేముందు పుల్లల్ని అదే నీళ్లతో కడగండి, లేదంటే ఉప్పు అంటుకుని పంచదార నీళ్లు కూడా "వెలుగుతాయి". ఉప్పునీళ్లలో పది సెకన్లకు మించి ఉంచొద్దు. మైనస్ పుల్ల దగ్గర హైడ్రోజన్ బుడగలు, ప్లస్ దగ్గర కొద్దిగా క్లోరిన్ వస్తాయి, ఆ ఘాటు ముక్కుకు మంచిది కాదు. కిటికీ తెరిచి చేయండి.

సాంద్రత కొలిచేటప్పుడు ఒక నట్టు చాలదు

బరువైన పరమాణువులున్న లోహం సాంద్రత ఎక్కువ అనుకోవడం సహజం. సోడియం (23) సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.97 గ్రాములు, పొటాషియం (39) 0.86. లెడ్ (207) 11.3, గోల్డ్ (197) 19.3. పరమాణువు బరువుతో పాటు దాని పరిమాణం, ఎంత దగ్గరగా సర్దుకున్నాయన్నది కూడా లెక్కకొస్తుంది. పరమాణువు క్రికెట్ మైదానమంత ఉందనుకుంటే కేంద్రకం మధ్యలో ఆవగింజంత. బరువంతా ఆ గింజలో ఉన్నా, పక్క పరమాణువు ఎంత దూరంలో ఆగుతుందో బయటి ఎలక్ట్రాన్లు తేలుస్తాయి.

స్కూల్లో ఉండే 100 మిల్లీలీటర్ల కొలజాడీకి ఒక్కో గీత 1 మిల్లీలీటరు. సుమారు 10 గ్రాముల ఇనుప నట్టు ఒకటి వేస్తే నీరు 1.3 మిల్లీలీటర్లే పెరగాలి. 60 నుంచి 61కి చేరిందని ఒకరు చదివితే సాంద్రత 10 వస్తుంది, 61.5 అని ఇంకొకరు చదివితే 6.7 వస్తుంది. ఇద్దరి చూపులోనూ పెద్ద తప్పు లేదు, కొలత చిన్నదైపోయింది. అవే నట్లు పది తీసుకోండి. 100 గ్రాములు, నీరు 60 నుంచి 73. అర గీత అటూ ఇటూ అయినా జవాబు 7.4కు, 8.0కు మధ్యే పడుతుంది. 7.7 అని రాయండి. క్యాలిక్యులేటర్ చూపించింది కదా అని 7.6923 రాస్తే చివరి మూడంకెలూ కల్పితాలే. ఉక్కు సాంద్రత 7.8 కాబట్టి ఇది మంచి ఫలితం. స్టెయిన్‌లెస్ స్టీల్ 7.9 నుంచి 8.0 వరకు ఉంటుంది, ఈ పద్ధతితో ఆ రెండిటినీ వేరు చేయడం కుదరదు. అల్యూమినియం (2.7), ఇత్తడి (8.5 ప్రాంతం) అయితే కుదురుతుంది.

నట్లను ముందు తూచి ఆ తర్వాత నీళ్లలో వేయాలి. తడి నట్టు మీద నీటి బరువు కలుస్తుంది. కొలజాడీని వాల్చి గోడ వెంట జారవిడవండి, పైనుంచి పడేస్తే గాజు పగులుతుంది, నీళ్లు చిందితే రీడింగూ పోతుంది. నట్టు కన్నంలో గాలి బుడగ చిక్కితే ఘనపరిమాణం ఎక్కువగా, సాంద్రత తక్కువగా వస్తుంది. జాడీని వేలితో తట్టండి, మొండికేస్తే సబ్బునీటి చుక్క ఒకటి వేసి మొదటి రీడింగు మళ్లీ తీసుకోండి. నీటి మట్టం గాజు అంచుల దగ్గర పైకి వంగుతుంది. కంటిని అదే ఎత్తుకు దించి, మధ్యలోని అడుగు భాగం ఏ గీతకు తగిలిందో చదవాలి.

మంచు కరిగేటప్పుడు థర్మామీటరు కదలదు

మంచును గుడ్డలో చుట్టి చితక్కొట్టి బీకరులో వేయండి, పెద్ద ముక్కలైతే ఒకచోట 0, ఇంకోచోట 6 చూపిస్తుంది. థర్మామీటరు గుండు అడుగునూ గోడనూ తాకకూడదు. సన్న మంట మీద కలుపుతూ అర నిమిషానికోసారి రాయండి. మంచు ఉన్నంతసేపూ అంకె 0 దగ్గరే ఉంటుంది. ఇచ్చిన వేడి ఎక్కడికీ పోలేదు. గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్లు కావాలి, అవి అణువుల మధ్య పట్టు సడలించడానికే సరిపోతాయి. అదే వేడితో గ్రాము నీటిని 0 నుంచి 80 డిగ్రీలకు తీసుకెళ్లొచ్చు. గ్రాఫులో ఈ సమతల భాగాన్ని రీడింగు తప్పనుకుని ఏటవాలుగా గీసేయకండి.

మరిగేటప్పుడు వచ్చే రెండో సమతల భాగం విశాఖ తీరంలో 100 దగ్గర ఉంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి గాలి పీడనం తక్కువ, నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 900 మీటర్ల ఎత్తున్న అరకులో 97. రికార్డులో 98ని కొట్టేసి 100 రాయడం మామూలే అయిపోయింది. హైదరాబాద్ ల్యాబ్‌లో థర్మామీటరు సరిగ్గా 100 చూపిస్తేనే అనుమానించి, దాన్ని కరుగుతున్న మంచులో పెట్టి 0 చూపిస్తుందో లేదో చూడండి.